త్రీ ప్లస్ చూసి కంగారుపడకు

ఒరేయ్,

"ఈజీఎఫ్‌ఆర్ 3+ అని వచ్చింది, ఇక కష్టమేనా?" అని రాశావు. ఆ ఒక్క ముక్కతో ఏమీ తేలదురా. తల, మెడ స్క్వామస్ క్యాన్సర్లలో (నోరు, గొంతు లోపలి పొరలో పుట్టేవి) 80–90 శాతం గడ్డల్లో ఈ రిసెప్టర్, అంటే కణానికి పెరగమనే సంకేతం అందుకునే ప్రొటీన్, ఎక్కువగానే ఉంటుంది. దాదాపు అందరికీ ఉన్నదాన్ని పట్టుకుని ఎవరి గతి ఎలా ఉంటుందో ఏం చెబుతాం?

ముందు ఏ పరీక్ష చేశారో చూడు. 3+ అంటే ఐహెచ్‌సీ, అంటే కణం పొర మీద ఉన్న ప్రొటీన్‌కి రంగు ఎంత పట్టిందో 0 నుంచి 3+ దాకా చూడటం. జీన్ కాపీలు లెక్కపెట్టేది ఫిష్. మ్యుటేషన్, అంటే జీన్‌లోనే వచ్చే మార్పు, ఇంకో సంగతి. ఊపిరితిత్తుల అడినోకార్సినోమాలో దొరికే ఎక్సాన్ 19 డిలీషన్ (ఈ జీన్‌లో ఒక ముక్క ఊడిపోవడం) లాంటివి ఇక్కడ అరుదు. అందుకే అక్కడ పనిచేసే మాత్రలు ఇక్కడా పనిచేస్తాయని లెక్కేయకు.

3+ అన్నది ఎన్ని కణాల్లోనో రాయకపోతే ఆ రిపోర్టు సగమే. హెచ్-స్కోరు అడుగు, అంటే ఒక్కో రంగు స్థాయిని అది పట్టిన కణాల శాతంతో గుణించి కలిపింది. 50 శాతం కణాలు 3+, 30 శాతం 2+, 10 శాతం 1+ అనుకో: 150, 60, 10 కలిపి 220. గరిష్ఠం 300. ఇంకో గడ్డలో 15 శాతం కణాలే 3+, మిగతావి ఖాళీ: స్కోరు 45. రెండింటికీ పైన "3+" అనే రాసేస్తారు కొందరు!

రంగు తప్పడానికి కారణాలు బోలెడు. ముక్కని ఫార్మలిన్‌లో వేయడం ఆలస్యమైతే యాంటిజెన్ (పరీక్ష పట్టుకోవాల్సిన ప్రొటీన్ భాగం) దెబ్బతింటుంది. కొన్ని కిట్లలో ప్రొటీనేజ్ (ప్రొటీన్లని తెంచే ఎంజైమ్)తో కాసేపు జీర్ణం చేయించాలి. ఆ టైము మించితే పొరలే చెదిరిపోతాయి. చచ్చిన కణాల చుట్టూ, ముక్క అంచుల్లో ఊరికే రంగు పేరుకుంటుంది. నేనైతే ముందు గడ్డ పక్కనున్న మామూలు ఎపిథీలియం (కప్పి ఉండే కణాల పొర) చూస్తాను. దాని అడుగు వరసకి రంగు పట్టాలి. అదీ పట్టలేదంటే స్లైడు పక్కన పడేయడమే.

రోగ భవిష్యత్తుకి దీనితో సంబంధమే లేదా అంటే, ఉంది. 2002లో ఆంగ్ బృందం రేడియేషన్ తీసుకున్న 155 మంది గడ్డలు కొలిచింది. ఈజీఎఫ్‌ఆర్ ఎక్కువున్నవాళ్లకి అదే చోటో, మెడ గ్రంథుల్లోనో జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది, ఆయుష్షూ తగ్గింది. దూరపు అవయవాలకి పాకడంలో మాత్రం తేడా రాలేదు. అయితే ఓరోఫారింక్స్ (నోటి వెనక గొంతు భాగం) గడ్డయితే పీ16 ఈ ప్రభావాన్ని మింగేస్తుంది; పీ16 అంటే గడ్డ హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చిందని సూచించే ప్రొటీన్. హెచ్‌పీవీ గడ్డల్లో ఈజీఎఫ్‌ఆర్ తక్కువగా ఉంటుంది, వాళ్లు బాగా బతుకుతారు కూడా. ఈ రెంటినీ విడదీయకుండా చేసిన లెక్కల్ని నేను నమ్మను. నోటి గడ్డకైతే లోతు, మార్జిన్ (కోసిన అంచులో జబ్బు మిగిలిందా), మెడ గ్రంథి గోడ దాటిందా అన్నవే ముందు చూడు.

ఇక మందు. సెటుక్సిమాబ్ (ఈ రిసెప్టర్‌ని అడ్డుకునే యాంటీబాడీ మందు) ఇవ్వాలా వద్దా అన్నది ఈ స్కోరు చెప్పదు. 2008లో వచ్చిన ఎక్స్‌ట్రీమ్ ట్రయల్‌లో కీమోకి దీన్ని కలిపితే మధ్యస్థ ఆయుష్షు 7.4 నుంచి 10.1 నెలలకి పెరిగింది; కానీ ఆ లాభం ఎవరికన్నది జీన్ కాపీల లెక్కతో తేలలేదు. హెచ్‌పీవీ ఓరోఫారింక్స్‌లో రేడియేషన్‌తో సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు బదులు దీన్ని వాడితే ఫలితం తగ్గిందని 2018లో రెండు ట్రయల్స్ చూపించాయి. "తేలిగ్గా ఉంటుంది కదా" అని అటు మొగ్గకు.

ఆ రిపోర్టు ఫొటో పంపు. కింద చిన్న అక్షరాల్లో క్లోన్ పేరు (పరీక్షకి వాడిన యాంటీబాడీ ఏదో) ఉంటుంది, ఆ ముక్క కత్తిరించకు. పీ16 చేశారా లేదా అదీ రాయి.

నీ,
స్లైడ్ల పిచ్చోడు