మాస్టారు దిద్దిన కాగితం

శ్రీకాకుళం
ఆదివారం రాత్రి

ఒరేయ్,

ఫోన్లో చెప్పేద్దామని రెండుసార్లు నంబరు నొక్కి కట్ చేశాను. ఫోన్లో అయితే సగంలోనే నువ్వు అందుకుంటావు, ఇద్దరం వాదించుకుంటాం, అసలు సంగతి పక్కకు పోతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. చివరిదాకా చదివాక నీ ఇష్టం, ఏమైనా అను.

మన ఫిజిక్స్ మాస్టారి మీద ఇక్కడ పెద్ద గొడవ జరిగింది. కంగారు పడకు, మనిషి బాగానే ఉన్నారు. అదే ఇల్లు, అదే వరండా, సాయంత్రం అయిదింటికి అదే ట్యూషన్. మా పాప కూడా ఆ ట్యూషన్‌కే వెళ్తోంది. కాకపోతే గొడవకు ముందు పదకొండు మంది పిల్లలుండేవాళ్లు, ఇప్పుడు ముగ్గురే.

అక్టోబరు మొదటి మూడు రోజులూ అరసవల్లి సూర్యదేవుడి గుడిలో స్వామి మీద కిరణాలు పడతాయి కదా. మాస్టారు రెండో తారీఖు తెల్లవారకముందే నలుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లారు. నేనూ అమ్మను తీసుకుని వెళ్లాను. ముందు రోజు మబ్బు పట్టి అందరూ ఉసూరుమంటూ వెనక్కి వచ్చారట, ఆ రోజు మాత్రం ఆకాశం కడిగినట్టు ఉంది. గోపురం దాటి, అనివెట్టి మండపం మీదుగా వచ్చిన వెలుగు ముందు స్వామి పాదాల మీద పడింది. అక్కడి నుంచి మెల్లగా పైకి పాకుతుంటే నల్లరాతి విగ్రహం బంగారు రంగు తిరిగింది. నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, అయినా ఒళ్లు జలదరించింది. అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. వెనక్కి తిరిగి చూస్తే మాస్టారు స్తంభం పక్కన నిలబడి ఒకసారి వాచీ, ఒకసారి వెలుగూ చూసుకుంటున్నారు. దండం పెట్టలేదు. మనం చదువుకునేటప్పుడూ ఆయన అంతే కదా.

తిరిగి వచ్చాక వరండాలో గోడ చూపించారట. ఆ గోడ నీకు గుర్తుందా? తూర్పు కిటికీ రెక్కకున్న చిల్లులోంచి పొద్దున్నే ఎండ చుక్క పడి గోడ మీద జారుతుంది. అది జారే దారిని పెన్సిల్‌తో గీసి పక్కన తేదీ వేసేవారు. సున్నం వేయించినప్పుడల్లా చెరిగిపోతే మళ్లీ మొదటి నుంచి గీసేవారు. మార్చి 10న గీసిన గీత మీదే అక్టోబరు 2 గీత వచ్చి పడింది. వసంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు మార్చి 20 ప్రాంతంలో వస్తుంది, దానికి ఓ పది రోజుల ముందు సూర్యుడు తూర్పున ఎక్కడ పొడుస్తాడో, సెప్టెంబరు 22కి ఓ పది రోజుల తర్వాత మళ్లీ అక్కడే పొడుస్తాడు. గుడి ఆ దిక్కుకు ఉంది కాబట్టి ఏడాదికి రెండుసార్లు వెలుగు లోపలిదాకా వస్తుంది. మనకు చెప్పిందే వాళ్లకూ చెప్పారు.

ఒక పిల్లాడు అడిగాడట, "అయితే ఇది మహిమ కాదా సార్?" అని. "కట్టినవాళ్ల లెక్క నాన్నా, గొప్ప లెక్క" అన్నారట. ఆ పిల్లాడు ఊరుకోకుండా, "మరి దేవుడు లేడా సార్?" అన్నాడు. "లేడని నా అభిప్రాయం. ఉన్నాడని మీ ఇంట్లో వాళ్ల అభిప్రాయం. నువ్వు పెద్దయ్యాక నీది నువ్వు తేల్చుకో." మా పాప అక్కడే ఉంది, ఈ మాటలు నాకు అది చెప్పినవే.

ఇల్లు చేరేసరికి ఆ మాట "దేవుడు లేడు, గుడికి వెళ్లకండి" అయిపోయింది. రాత్రికి వాట్సాప్‌లో తిరిగింది. మర్నాడు నలుగురు మనుషులు నా షాపుకు వచ్చారు. ఇక్కడి నుంచి రాయడం నాకు కష్టంగా ఉందిరా.

ఒక మాట టైపు చేయాలన్నారు. క్షమాపణ పత్రం, మాస్టారి చేత సంతకం పెట్టిస్తారట. నేను సిస్టం ముందు కూర్చున్నాను, వాళ్లు నిలబడి చెబుతున్నారు. "భక్తుల మనోభావాలను కించపరిచే ఉద్దేశ్యంతో పిల్లల దగ్గర మాట్లాడినందుకు సిగ్గుపడుతూ..." అని మొదలైంది. రెండో వాక్యం దగ్గరే నా చేతులు ఆగిపోవాలి. ఆగలేదు. ఆ నలుగురిలో ఇద్దరు నాకు రోజూ జిరాక్సులకు వచ్చేవాళ్లు. గొడవెందుకులే అనుకున్నాను. అక్షరం అక్షరం టైపు చేసి, రెండు కాపీలు తీసి ఇచ్చాను. నలభై రూపాయలిచ్చారు. తీసుకున్నాను. మన ఇద్దరి చేతా అద్దం ముక్క ఎండలో పెట్టించి కిరణం ఎలా మళ్లుతుందో చూపించిన మనిషికి వ్యతిరేకంగా కాగితం నా ప్రింటర్‌లోంచే వచ్చింది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

రెండు రోజుల తర్వాత అదే కాగితం పట్టుకుని మళ్లీ వచ్చారు. సంతకం లేదు. "ఉద్దేశ్యంతో" అన్నచోట ఎర్ర సిరాతో సున్నా చుట్టి పక్కన "ఉద్దేశంతో" అని దిద్దారు. కింద, మన నోటు పుస్తకాల్లో రాసినట్టే గుండ్రంగా, రెండు వాక్యాలు: "నేను అనని మాటకు క్షమాపణ చెప్పలేను. అన్న మాటకు చెప్పనక్కర్లేదు." ఆ అక్షరాలు చూశాక గొంతు పూడుకుపోయింది. ఈసారి వాళ్లకు పోలీసు కంప్లయింటు టైపు చేయాలట. నా వల్ల కాదన్నాను. "నేనూ ఆ వరండాలో కూర్చుని చదువుకున్నవాణ్ణే. ఆ మాట నాకూ చెప్పారు. నేను ఇప్పటికీ ఆదివారం ఆదివారం గుడికెళ్తున్నాను, చెడిపోలేదు" అన్నాను. వేరే షాపులో చేయించుకున్నారు. స్టేషన్లో రెండు వైపులా మాట్లాడి పంపేశారు, కేసు కట్టలేదు.

మన బ్యాచ్‌లో లాయరైనవాణ్ణి ఆ టెన్షన్‌లోనే వెళ్లి కలిశాను. అసలు ఇలాంటి మాటకు కేసవుతుందా అని అడిగాను. వాడు చెప్పింది నీకూ పనికొస్తుంది. మతాన్ని అవమానించడం మీద పాత శిక్షాస్మృతిలో ఉన్నది 295ఎ సెక్షన్, 2024 జులై నుంచి న్యాయ సంహితలో అది 299 అయింది. మూడేళ్ల దాకా జైలు. లాహోర్‌లో ఒక పుస్తకం మీద గొడవ రేగి, దాన్ని అచ్చేసినాయన్ను హైకోర్టు వదిలేశాక, 1927లో బ్రిటిష్‌వాళ్లు తెచ్చిన సెక్షన్ అది. సెక్షన్ వచ్చాక కూడా ఆయన బతకలేదు, 1929లో పొడిచి చంపేశారు. మన సుప్రీంకోర్టు 1957లో ఆ సెక్షన్‌ను ఉంచుతూనే ఒక గీత గీసింది. ఎవరికో నొప్పి కలిగితే చాలదు, కావాలని, ద్వేషబుద్ధితో అవమానించి ఉండాలి. అంటే మొత్తం ఆ ఉద్దేశం మీదే ఆధారపడి ఉంది. మాస్టారు ఎర్ర సిరా పెట్టిన మాట కూడా అదే అని ఇంటికి వస్తూ దారిలో తట్టింది, బండి పక్కకు ఆపి కాసేపు నిలబడిపోయాను.

అమ్మ మాత్రం మాస్టారిదే తప్పంటుంది. "నమ్మకపోతే నమ్మకపోనీ, నోరు మూసుకుని ఇంట్లో కూకోవచ్చు కదేటి?" అంది. అమ్మతో నేను ఎప్పుడూ ఎదురు మాట్లాడను, ఆ రోజు మాట్లాడాను. రథసప్తమికి ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది. చవితి పందిరి మా షాపు మెట్ల దాకా వస్తుంది. సువార్త సభలకు మైదానాల్లో మైకులు పెడతారు. ఇవన్నీ ఉండాలనే నేనూ అంటాను. మరి నమ్మినవాళ్లందరూ వీధిలోకి వచ్చి చెప్పుకుంటుంటే, నమ్మనివాడు ఒక్కడే తలుపేసుకుని కూర్చోవాలా? రాజ్యాంగంలో 25వ అధికరణ అంతరాత్మ స్వేచ్ఛతోనే మొదలవుతుంది, మతం సంగతి ఆ తర్వాతే వస్తుంది. లేదనుకునేవాడికీ అంతరాత్మ ఉంటుంది కదా. అమ్మ ఏమీ అనలేదు. టీ పెట్టి ఇచ్చింది. మనసు మారిందని చెప్పను, మారలేదు.

ఇది నాస్తికుల కోసం మాత్రమే అంటున్నాననుకోకు. కాంప్లెక్స్ దగ్గర ఒక పెద్దాయన సువార్త కరపత్రాలు పంచుతాడు. మొన్నీమధ్య ఇద్దరు కుర్రాళ్లు ఆ కట్ట లాక్కుని కాలువలో పడేశారు. ఆయన కూర్చుని తడిసిన కాగితాలు ఒక్కొక్కటే ఏరుకున్నాడు. అప్పుడు కూడా నేను షాపులోంచి చూస్తూ ఉండిపోయాను. ఇప్పుడు ఆ రెండూ కలిసి కుమిలిస్తున్నాయి.

లాయరు ఇంకో కేసు చెప్పాడు, విని చాలాసేపు దాని గురించే ఆలోచించాను. కేరళలో 1985లో ముగ్గురు పిల్లల్ని బడిలోంచి తీసేశారు. యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖ కుటుంబం వాళ్లది. జాతీయగీతం పాడుతుంటే మర్యాదగా లేచి నిలబడేవాళ్లు, పాడేవాళ్లు కాదు, వాళ్ల విశ్వాసం ఒప్పుకోదు. 1986లో సుప్రీంకోర్టు ఆ పిల్లల్ని బడిలోకి తీసుకోమంది. తీర్పు రాసింది మన తెలుగాయనే, జస్టిస్ చిన్నప్పరెడ్డి. మన సంప్రదాయం, మన తత్త్వం, మన రాజ్యాంగం మూడూ సహనం వైపే ఉన్నాయి, దాన్ని పలచన చేయొద్దన్నారు. ఇక 2013లో బాంబే హైకోర్టు నాసిక్ టీచరు ఒకాయన పక్షాన తీర్పిచ్చింది. బడి ప్రార్థనలో చేతులు జోడించనందుకు ఆయనకు రావలసిన జీతం స్కేలు ఆపేశారు. అక్కడ విశ్వాసం కోసం నోరు విప్పని పిల్లలు, ఇక్కడ విశ్వాసం లేక చేతులు జోడించని టీచరు. ఇద్దరికీ నీడనిచ్చింది ఒకటే చట్టం.

పోయిన ఆదివారం మాస్టారింటికి వెళ్లాను. టైపు చేసింది నేనేనని చెప్పాను. "తెలుసు, మీ షాపు ప్రింటు ఎడమ పక్క కాస్త మసకగా వస్తుంది" అన్నారు. అంతే, ఇంకేమీ అనలేదు. నేను ఏడ్చాను. ఆయన లోపలికి వెళ్లి జీడిపప్పు డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు. తర్వాత గోరా గారి గురించి చెప్పారు. ఆయన పుట్టింది మనకు పైనే, గంజాం జిల్లా ఛత్రపురంలో. కాకినాడ కాలేజీలో పాఠాలు చెబుతుండగా నాస్తికుడని 1933లో ఉద్యోగం తీసేశారు. తర్వాత ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. గాంధీగారు ఆయన్ను పిలిపించుకుని కూర్చోబెట్టుకుని మాట్లాడారు. రామనామం వదలని మనిషీ, దేవుడు లేడనే మనిషీ ఎదురెదురుగా కూర్చోగలిగారు. "నాకు పిల్లలే కదా పోయింది, గోరాకి జీతం పోయింది" అన్నారు మాస్టారు. ఆ "పిల్లలే కదా" అన్నప్పుడు ఆయన గొంతు మాత్రం స్థిరంగా లేదు.

ఆయన భార్యకు భయం పట్టుకుంది. 2013 ఆగస్టులో పూణేలో మూఢనమ్మకాల మీద పోరాడిన దభోల్కర్‌ను పొద్దున నడకకు వెళ్తే కాల్చేశారు, 2017లో కోయంబత్తూరులో ఫారూఖ్ అనే కుర్రాణ్ణి నాస్తికపు రాతలకు నరికేశారు. ఒకచోట ఒక మతం పేరు, ఇంకోచోట ఇంకో మతం పేరు. ఆవిడ ఇప్పుడు మాస్టార్ని ఒంటరిగా నడకకు పంపడం లేదు. నేను వారానికి నాలుగు రోజులు వెంట వెళ్తున్నాను.

మనల్ని ఎనిమిదో తరగతిలో శాలిహుండం తీసుకెళ్లింది కూడా ఆయనే. వంశధార ఒడ్డున కొండెక్కి, బౌద్ధుల ఇటుక స్తూపాల మధ్య కూర్చుని పులిహోర తిన్నాం. ఈ లోకాన్ని ఒక దేవుడు చేశాడన్న మాట లేకుండానే చదువులు సాగిన చోటు అది. అక్కడ దొరికిన విగ్రహాల్లో మరీచి ఉంది, మరీచి అంటే కిరణం అని అప్పుడే చెప్పారు. అక్కడి నుంచి అరసవల్లి ఎంత దూరమని? ఒకే సూర్యుడి కింద ఆ కొండా, ఈ గుడీ, ఊళ్లో గోల్కొండ నవాబుల నాటి జామియా మసీదూ, మిషన్ వాళ్ల చర్చీ ఉన్నాయి. ఇంతమంది ఇన్ని రకాలుగా చెప్పుకున్న నేల మీద ఒక ముసలి మాస్టారి ఒక్క అభిప్రాయం బరువైపోయిందా?

నీకూ ఒక మాట చెప్పాలి. నువ్వు పుష్కరాలప్పుడు షేర్ చేసిన ఫోటో, మునుగుతున్న ముసలామె కింద గొర్రె అని రాసింది, నాకు చాలా బాధ కలిగించింది. ఆ ముసలామె స్థానంలో నాకు అమ్మ కనిపించింది. నిన్ను ఎవరైనా స్టేషన్‌కి లాగితే ముందు వచ్చి నిలబడేవాణ్ణి నేనే, అందులో అనుమానం పెట్టుకోకు. కానీ మాస్టారు నమ్మకాన్ని కాదన్నారు, నమ్మినవాళ్లను ఏనాడూ తక్కువ చేయలేదు. నువ్వు ఆయన దగ్గరే చదువుకున్నావు కదా.

ఇప్పుడు పని సంగతి. ఆయన ఫోను సరిగ్గా ఎత్తరు, చేత్తో ఒక ఉత్తరం రాయి, అడ్రసు పాతదే. మన బ్యాచ్‌లో ఇంకో ఆరుగురికి చెప్పాను. ఎవరి పిల్లలు ఊళ్లో ఉన్నా ట్యూషన్‌కి పంపమన్నాను, ఇద్దరు సరేనన్నారు. మార్చి 9కి ముందే సెలవు పెట్టి రా. తెల్లవారుజామున అమ్మనూ, మాస్టార్నీ ఒకే ఆటోలో అరసవల్లి తీసుకెళ్దాం. అమ్మ ముందు వరసలో దండం పెట్టుకుంటుంది, ఆయన స్తంభం దగ్గర వాచీ చూసుకుంటారు, నువ్వు ఎక్కడ నిలబడతావో నీ ఇష్టం. గోడకు మొన్న సున్నం వేయించారు, గీతలన్నీ పోయాయి. పెన్సిల్ నేను కొని ఉంచుతాను.

నీ
జిరాక్స్ షాపు వాడు