మోకులు లావైపోయాయి, తప్పు నాదే

బోటు యజమానులకు నమస్కారం. పోయిన వారం కాకినాడ నుంచి వచ్చిన ఒక వర్క్ బోటుకు మన కొట్టు సరుకు ఆలస్యంగా చేరిందనీ, చేరింది కూడా పనికిరాలేదనీ మీలో కొందరికి ఈపాటికే తెలిసింది. నిజమే. చెన్నై సెకండ్ లైన్ బీచ్‌లో కొట్టు తెరిచాక ఇంత పరువు తక్కువ పని ఎప్పుడూ జరగలేదు.

బోటు కట్టే మోకులు, పక్కలు రేవు గోడకు రాసుకోకుండా వేలాడదీసే రబ్బరు ఫెండర్లు కావాలని యజమాని రాత్రి ఫోన్ చేశారు. కొలతలు అడిగితే "పొద్దున చెప్తాలే" అన్నారు. నాకు ఆగబుద్ధి కాలేదు. ఫోన్‌లో షిప్ ట్రాకింగ్ మ్యాప్ తెరిచాను. పొడవు 26 మీటర్లు, వెడల్పు 8, ఉన్నది కాట్టుపల్లి రేవు దగ్గర. అది నమ్మి 40 మిల్లీమీటర్ల మోకు నాలుగు ముక్కలు కోయించి, చివర్లు ఉచ్చులుగా అల్లించి, తెల్లారేసరికి బండి ఎక్కించాను.

కాట్టుపల్లిలో మా కుర్రాడు మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడ్డాడు. బోటేమో రాత్రి నుంచీ కాశిమేడు చేపల రేవులోనే ఉంది! బోటు పేరు, చోటు, కొలతలు రేడియోలో చెప్పే పెట్టె ఏఐఎస్ సెట్టు, మ్యాప్ చూపించేది అది చెప్పిందే. బ్యాటరీ దిగిపోతుందని బోటు నడిపే సరంగు దాన్ని ఆపేశాడట. మ్యాప్‌లో నేను చూసింది గంటల కిందటి చోటు. ఆ సంగతి కింద చిన్న అక్షరాల్లో ఉండనే ఉంది, నేనే చదవలేదు.

సరుకు చేరాక అసలు తమాషా. మోకు బొల్లార్డుకు, అంటే బోటు మీద మోకు చుట్టి కట్టే గుంజకు, ఒక్క చుట్టు తిప్పేసరికే చోటు చాల్లేదు. సరంగు దాన్ని చేత్తో ఎత్తి చూసి, "బాబూ, ఇది ఓడను కట్టేది" అన్నాడు. టేపు పెడితే బోటు 17 మీటర్లు. ఓడల్ని లాగే పాత టగ్గు ఒకటి అమ్మేసి, దాని ఏఐఎస్ సెట్టు పీకి ఇందులో బిగించారట. పేరు మార్చారు, కొలతలు వదిలేశారు. ఏఐఎస్ సెట్టులో పొడవు అని విడిగా ఒక అంకె కొట్టరు. యాంటెన్నా నుంచి ముందుకెంత, వెనక్కెంత, ఎడమకెంత, కుడికెంత అని నాలుగు అంకెలు మనిషే టైపు చేయాలి. శాటిలైట్ వచ్చి టేపు పట్టదు కదా!

పైగా అది క్లాస్ బి సెట్టు, 2 వాట్లది. పెద్ద ఓడల క్లాస్ ఎ సెట్టు 12.5 వాట్లతో, నడుస్తున్నప్పుడు 2 నుంచి 10 సెకన్లకోసారి చోటు చెబుతుంది. ఇది 30 సెకన్లకోసారి, నెమ్మదిస్తే 3 నిమిషాలకోసారి. బోటు ఎంత లోతు మునుగుతుందో క్లాస్ బి అసలు పంపనే పంపదు.

ఇకమీదట "మీ బోటు ఇక్కడుంది" అని లింకులు పంపను. ఆర్డరుతో పాటు రిజిస్ట్రేషన్ కాగితం ఫొటో, బొల్లార్డు మీద టేపు పెట్టి తీసిన ఫొటో, సరంగు నంబరు పంపండి. బండి కదిలేముందు ఆయనకే ఫోన్ చేస్తాను. ఏఐఎస్ సెట్టులో ఉండే బోటు గుర్తింపు నంబరు (ఎంఎంఎస్ఐ) పంపినా మంచిదే. తొమ్మిది అంకెలుంటాయి, మన జెండా బోటైతే 419తో మొదలవుతుంది. ఒకే పేరు బోట్లు నాలుగున్నా తికమక ఉండదు.

ఆ యజమానికి డబ్బు వెనక్కి ఇచ్చేశాను, బండి కిరాయి నేనే పెట్టుకున్నాను. 40 మిల్లీమీటర్ల ముక్కలు నాలుగూ కొట్లోనే ఉన్నాయి. నిజంగా 26 మీటర్ల బోటున్నవాళ్ళెవరైనా ఉంటే కొన్న ధరకే ఇస్తాను. ముందు టేపు ఫొటో పంపండి.