ఎవరో ఆవిడ కాదే, నా నేస్తం

బుజ్జమ్మా,

నిన్న ఫోన్లో నువ్వన్న మాట దగ్గరే రాత్రంతా ఆగిపోయాను. దసరా సెలవులకి అమ్మమ్మ వస్తాదని పిల్లలు చూస్తే నువ్వేమో ఎవరో ఆవిడకి కంటి ఆపరేషనని పొందూరెళ్ళి కూచున్నావన్నావు. పిల్లలు ఎదురుచూశారంటే నాకూ కష్టమేసింది, ముందే చెప్పకపోవడం నా తప్పే. కానీ ఎవరో ఆవిడ అన్నావు చూడు, దాని గురించి మాత్రం చెప్పాలి. ఫోన్లోనైతే ఆఫీసు కాల్ వస్తోందమ్మా అని పెట్టేస్తావు, అందుకే వాట్సాప్‌లో ఇంత పొడుగు రాస్తన్నాను, తీరిక దొరికినప్పుడే చదువు.

నాకప్పుడు పదేళ్ళు. మాఘమాసం ఆదివారం నాడు అరసవల్లిలో పిడకల మీద క్షీరాన్నం వండడానికి మీ అమ్మమ్మ నన్ను తీసుకెళ్ళింది. పొయ్యి రాజేసి పాలు పెడితే విరిగిపోయాయి. సూరీడికి మొక్కిన పాలు ఇలా అయిపోయాయేటి అని మా అమ్మకి కళ్ళంట నీళ్ళే. పక్క పొయ్యి దగ్గర పొందూరు నించి వచ్చినావిడ ఒక్క మాటైనా అడక్కుండా తన గిన్నెలో పాలు సగం మా గిన్నెలో పోసేసింది. ఆవిడ వెనకాల నా ఈడు గుంట ఒకతి నిలబడి నన్నే చూస్తంది. ఆ రోజే ఇద్దరు తల్లులూ మా ఇద్దరికీ బొట్టు పెట్టి, ఒకరి గాజులు ఒకరికి తొడిగించి నేస్తం కట్టారు. ఇకనించి పేరు పెట్టి పిలుచుకోకూడదు, నేస్తం అనే పిలవాలి అన్నారు. 57 ఏళ్ళయింది, ఇప్పటికీ అంతే.

మొన్న ఆసుపత్రిలో ఏమైందో తెలుసా? కౌంటర్ దగ్గర అమ్మాయి పేషెంట్ పేరు చెప్పండమ్మా అంది. నా నోరు పెగల్లేదు. పేరు తెలీక కాదు, ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనలేదు కదా, ఎలా అంటాను. వెనకాల లైను పెరిగిపోతంది, ఆ అమ్మాయి ఏటమ్మా మీకు ఆమె ఏమవుతారు అనడిగింది, నేస్తం అని చెప్తే రాసుకోడానికి అలాంటి గడి లేదంది. చివరికి వాళ్ళబ్బాయి స్కూటర్ పెట్టొచ్చి పేరు చెప్పాడు. గడిలో అక్క అని రాయించాడు.

నీకు తెలీనిది ఇంకోటి చెప్తాను. నువ్వు పుట్టాక నీ ఒంటి మీద వేసిన మొదటి జుబ్బా ఆమె వడికిన నూలుతో నేసిన గుడ్డే, మెత్తగా ఉంటాదని బారసాలకి తెచ్చింది. పొందూరు ఖద్దరంటే మీ ఆయన పెళ్ళికి కట్టిన పంచెగానే నీకు తెలుసు. దాని వెనకాల పని నీకు తెలీదు. వాలుగ చేప దవడ ఎముకకి సన్నటి పళ్ళుంటాయి, దాంతో పత్తిని దువ్వుతారు. తరవాత గింజ తీసి, ఏకి, ఏకులు చేసి, ఎండిన అరటి డొప్పలో పెట్టుకుని అందులోంచి ఒక్కోటీ తీసి రాట్నం మీద వడుకుతారు. నూరో నెంబరు నూలంటే వెంట్రుక లాగుంటాది, గాలి తగిలినా తెగిపోద్ది. ఆమె పన్నెండేళ్ళప్పటి నించీ రాట్నం దగ్గరే. ఆ పనికొచ్చే కూలి ఎప్పుడూ ఆ పనికి సరిపోలేదు, నాకు దాని మీద ఇప్పటికీ కోపమే. వాళ్ళ కోడలు నేర్చుకోనంది, ఆ పిల్లనీ ఏమనలేను.

పోయినేడు నించీ పోగు కనపడ్డం లేదు నేస్తమా అనేది. వయసు కదా అనుకున్నాం. జూన్‌లో నేనెళ్ళేసరికి రాట్నం మీద గుడ్డ కప్పేసి ఉంది. ఏటిది అనడిగితే మాటాడలేదు, లోపలికెళ్ళి చోడంబలి తెచ్చిచ్చింది. ఆ గుడ్డ చూసే ఆపరేషన్‌కి పట్టుబట్టాను. శుక్లాలన్నారు, ముందు కుడికన్ను చేశారు. చుక్కల మందు రోజుకి ఆరుసార్లు వెయ్యాలి, తలకి నీళ్ళు పడకూడదు, వంగకూడదు, పొయ్యి పొగ తగలకూడదు. కొడుకు డ్యూటీకెళ్ళిపోతాడు, కోడలికి చంటిపిల్ల. మరి ఎవరుంటారు చెప్పు? పదిహేను రోజులు నేనే ఉన్నాను. పొద్దున చుక్కలేసి కళ్ళు మూసుకోమంటే మూసుకుని పాత సంగతులన్నీ చెప్పేది, నేను బెండకాయలు తరుక్కుంటా వినేదాన్ని. మీ నాన్న పోయినప్పుడు ఆమె నెల్లాళ్ళు మనింట్లో ఉంది, గుర్తుందా? పెద్దకర్మ అవ్వగానే నువ్వు సెలవు లేదని ఎల్లిపోయావు, నిన్ను తప్పుపట్టడం లేదమ్మా, ఉద్యోగం కదా. ఆ తరవాత రాత్రుళ్ళు నేను లేచి కూచుంటే ఆమె కూడా లేచి కూచునేది, ఏమీ అనేది కాదు. 2018లో తిత్లీ తుపానప్పుడు ఫోన్లు పనిచెయ్యక నువ్వక్కడ కంగారుపడ్డావు కదా, మూడో రోజుకి కొడుకు బండెక్కి కొవ్వొత్తులు, అటుకులు పట్టుకుని వచ్చింది కూడా ఆమే.

ఇప్పుడు నెలకి రెండుసార్లు వెళ్తన్నాను. 2025 ఆగస్టు 15 నించి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితం కదా, పల్లెవెలుగులో ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు, అందుకని ఖర్చు గురించి నువ్వేం అనుకోకు. బస్సులో జనం ఎక్కువే, పెద్దావిడని చూసి ఎవరో ఒకరు లేస్తారులే.

పోయిన మంగళవారం వెళ్తే గుడ్డ తీసేసి రాట్నం ముందు కూచుని ఉంది. నన్ను చూసి ఆపలేదు, పోగు అలా లాగుతానే చూడు నేస్తమా కనపడతంది అంది. నాకు నోట మాట రాలేదు, గుమ్మంలోనే చాలాసేపు కూచున్నాను.

వచ్చే రథసప్తమి 2026 జనవరి 25, ఆదివారం పడింది. కంటికి మొక్కుకున్నాం, ఇద్దరం అరసవల్లిలో క్షీరాన్నం వండుతాం. అది అవ్వగానే మంగళవారానికి ఆమదాలవలసలో రైలెక్కుతాను, టికెట్ నువ్వే తియ్యి, కింద బెర్తు చూడు. నెల్లాళ్ళుంటాను, పిల్లలకి సున్నుండలు తెస్తాను, దసరాది కూడా కలిపి ఉంటానని చెప్పు.

ఈ ఆదివారం ఒకసారి పిన్నికి ఫోన్ చెయ్యి. ఆమెకి వేరే ఫోన్ లేదు, కొడుకు నెంబరు పంపిస్తన్నాను, రాత్రి ఏడు దాటాక ఇంట్లో ఉంటాడు. కన్నెలా ఉంది పిన్నీ అని అడుగు. నేను చెప్పానని మాత్రం అనకు.

అమ్మ
శ్రీకాకుళం