పైలట్ తప్పని మీకు ఎవరు చెప్పారు?

అయ్యా,

మ్యూనిక్ విమాన ప్రమాదం మీద ఆటల పేజీ అడుగున మీరు వేసిన ఎనిమిది లైన్ల ముక్క చూసి వారం దాటింది. రాయొద్దనే అనుకున్నాను. ఇప్పుడదంతా ఎవరు చదువుతారు నాన్నా అని మా అబ్బాయి కూడా నవ్వాడు, అయినా ఆగలేకపోయాను. పైలట్ తప్పిదం వల్ల ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్ జట్టు మొత్తం చనిపోయిందట!

జట్టు మొత్తం పోలేదండీ. 1958 ఫిబ్రవరి 6న ఆ విమానంలో ఉన్నది 44 మంది, పోయింది 23 మంది, అందులో ఆటగాళ్లు 8 మంది. వాళ్లలో డంకన్ ఎడ్వర్డ్స్ ఆస్పత్రిలో పదిహేను రోజులు కొట్టుమిట్టాడి 21 ఏళ్లకే పోయాడు. బతికి బయటపడ్డ ఆటగాడు బాబీ చార్ల్‌టన్, మేనేజర్ మ్యాట్ బస్బీ కలిసి 1968లో అదే క్లబ్బుకి యూరోపియన్ కప్పు తెచ్చారు. జట్టు మొత్తం పోతే ఆ కప్పు దయ్యాలు గెలిచాయా?

అది పోనీ, నా కోపమంతా పైలట్ మాట మీద. రెండుసార్లు ఎగరబోయి ఆగి, మూడోసారి వెళ్తుంటే రన్‌వే మీద సగం కరిగిన మంచు బురదలో విమానం వేగం పడిపోయింది. రన్‌వే శుభ్రంగా ఉంచాల్సింది ఎయిర్‌పోర్టు వాళ్లు, రెక్కల మీద మంచు లేకుండా చూసుకోవాల్సింది కెప్టెన్, అంటే ఆ పైలట్. మరి తప్పు ఎక్కడ తేలింది? రెక్కల మీద మంచు ఉందని, అంటే పైలట్ మీద! సాక్ష్యంగా చూపించిన ఫొటోలో మంచులా కనిపించింది ఎండ మెరుపేనని అసలు నెగెటివ్ చూశాకగానీ బయటపడలేదు. ఆ పైలట్ ఉద్యోగం పోయి, కోళ్ల ఫారం పెట్టుకుని, పదేళ్లకు పైగా పోరాడితే 1969లో ఆయన తప్పు లేదని బ్రిటన్ విచారణ తేల్చింది. 1975లో పోయాడు. మన దగ్గర మాత్రం వేరేగా ఉందా? బస్సు బోల్తా పడితే సాయంత్రానికల్లా డ్రైవర్ నిద్రమత్తు అని రాసేస్తారు, రోడ్డు మీద గుంత ఏ ఇంజనీరు హయాంలోదో ఒక్కరూ అడగరు. ఫైలు మూతపడితే అందరికీ హాయి.

అబ్బాయి ఉద్యోగం మ్యూనిక్‌లో కాబట్టి ఈ చలికాలం ఇక్కడే ఉన్నాను. పాత రీమ్ ఎయిర్‌పోర్టు 1992లోనే మూసేశారు. ప్రమాదం జరిగిన చోటు ట్రూడరింగ్ వైపు, ఇళ్ల మధ్య చిన్న జాగా, పేరు మాంచెస్టర్‌ప్లాట్జ్. మా నాన్న రోజూ మన హైదరాబాద్ ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ శిష్యుల ఆట గురించే చెప్పే ఇంట్లో పెరిగినవాణ్ణి, ఫుట్‌బాల్ అంటే కాళ్లు ఆగవు, ఫిబ్రవరి ఆరో తారీఖున వెళ్లాను. గ్రానైట్ రాయి చుట్టూ ఎర్ర మఫ్లర్లు, పూలు, కొవ్వొత్తులు. ఇంగ్లండ్ నుంచి డబ్బు ఖర్చు పెట్టుకుని వచ్చినవాళ్లు, ఆ రోజుకి పుట్టని కుర్రాళ్లు కూడా, చలిలో నిలబడి పాడారు. ఎవరూ సెల్ఫీల కోసం తోసుకోలేదు. మనవాళ్ల వర్ధంతి సభల్లో దండ వేసే మంత్రిగారి కోసం రెండు గంటలు వెయిటింగ్ ఉంటుంది కదా, అదీ లేదు.

అంతమంది అంత దూరం వచ్చి గుర్తుపెట్టుకుంటుంటే, క్రికెటర్ హెయిర్‌స్టైల్‌కి అరపేజీ ఇచ్చే మీరు ఎనిమిది లైన్లు కూడా సరిచూసుకోలేరా? సవరణ వేయండి, మూలన చిన్న అక్షరాల్లో కాదు. ఆ పైలట్‌కి ఒక పేరుంది, జేమ్స్ థైన్. ఈసారైనా ఆ పేరు రాయండి.

– ముప్పై ఏళ్ల చందాదారు, సికింద్రాబాద్ (ప్రస్తుతం మ్యూనిక్)