చిన్నూ, చెవులు జాగ్రత్త

చిన్నూ,

ఎలా ఉన్నావు తల్లీ? ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. కార్తీకం కదా, మీ అమ్మ తెల్లవారుజామున నాలుగింటికే లేచి చన్నీళ్ళు పోసుకుంటోంది, మోకాళ్ళు పట్టేస్తాయని చెప్తే వినదు. నువ్వు ఫోన్ చేసి 23 రోజులైంది. చదువు ఎక్కువై ఉంటుంది, అందుకని రాయడం లేదులే. దసరాకి నువ్వు పంపిన పాటలు విన్నాను, వాటి సంగతి చెబుదామని.

రాత్రి మన సౌండ్ షాపు షట్టర్ దించి, ఫోన్ పాత ఆంప్లిఫయర్‌కి తగిలించి విన్నాను. మొదటిది 'వుయ్ హావ్ అరైవ్డ్'. 1990లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మార్క్ అకార్డిపేన్ అనే ఆయన మెస్కలినమ్ యునైటెడ్ పేరుతో చేశాడట, హార్డ్‌కోర్ టెక్నో అనే ఈ జోరు మెషీన్ సంగీతానికి అదే మొదలని చాలామంది అంటారని చదివాను. పావు నిమిషం వినగానే లేచి, జాలీ విప్పి, స్పీకర్ పేపర్ మీద చెయ్యి పెట్టి చూశాను, చిరిగిందేమోనని. చిరగలేదు. ఆ డ్రమ్ము దెబ్బనే వాళ్ళు కావాలని చీల్చారు. రోలాండ్ 909 డ్రమ్ మెషీన్ దెబ్బ తీసుకుని, మిక్సర్ మొయ్యలేనంత గెయిన్ పెంచితే, సౌండ్ అల పైనా కిందా తెగిపోయి చదరంగా అయిపోతుంది. అప్పుడు 'దబ్' అనాల్సింది గుర్రుమంటూ సాగుతుంది, అదే రాగం కూడా అయిపోతుంది. నలభై ఏళ్ళుగా సౌండ్ అలా చీలకుండా చూడడమే నా పని. సౌండ్ మితిమీరిందని మిక్సర్ మీద ఎర్ర లైటు వెలిగితే చాలు, మీ సుబ్బు బాబాయ్ పందిరి అవతల నుంచి పరిగెత్తుకొచ్చేవాడు. ఆ ఎర్ర లైటు దగ్గరే ఇంత సంగీతం పుట్టిందంటే నాకు నిజంగా ఆశ్చర్యమేసింది.

వంశీ మీ అమ్మకి ఫోన్‌లో నీ ఫొటో ఏదో చూపించాడట. అది తర్వాత మాట్లాడుకుందాం.

'డామినేటర్' బాగుంది, 1991ది. సైరన్‌లా ఊగే ఆ సౌండు రెండు రోజులు నన్ను వదల్లేదు. 1992లో వచ్చిన 'పొయింగ్' పెడితే మీ అమ్మ కూడా వచ్చి నిలబడింది. చిన్నప్పుడు స్కేలు బెంచీ అంచున పెట్టి మీటేవాళ్ళం చూడు, అచ్చం అదే మోత, దాని కింద డ్రమ్ము. పాల్ ఎల్‌స్టాక్ గారి 'రెయిన్‌బో ఇన్ ద స్కై' మాత్రం పిల్లల పాటలా ఉంది, అది 1995 అట, అప్పటికి రేడియోకి పనికొచ్చేలా మార్చేశారు. నాకు ముందువే నచ్చాయి.

ఈ పాటలు నువ్వున్న నెదర్లాండ్స్‌లో, రోటర్‌డామ్‌లోనే ఎందుకు ఇంత పెరిగాయా అని చదివాను. 1940 మే 14న జర్మన్లు బాంబులేసి ఆ ఊరి నడిబొడ్డు మొత్తం నేలమట్టం చేశారట. మళ్ళీ కట్టుకున్న ఊరు, ఓడరేవు ఊరు, కష్టం చేసుకునే జనం. ఆమ్‌స్టర్‌డామ్ వాళ్ళంటే పడదు. పాల్ ఎల్‌స్టాక్ 1992లో రోటర్‌డామ్ రికార్డ్స్ పెట్టి వేసిన మొదటి రికార్డు పేరే 'ఆమ్‌స్టర్‌డామా, అదెక్కడుంది?' అని. పార్క్‌జిక్ట్ అనే క్లబ్బులో డీజే రాబ్ వాయించేవాడట. అదే ఏడాది అక్టోబర్ 3న హీరెన్‌వేన్‌లో ఐస్ స్కేటింగ్ చేసే హాల్లో థండర్‌డోమ్ అనే ఈ పాటల జాతర మొదటిసారి పెట్టారు. నువ్వు డిసెంబర్‌లో వెళ్తానన్నది ఆ థండర్‌డోమ్‌కేనా? నువ్వుండే డెల్ఫ్ట్ నుంచి ఎంత దూరం, తిరిగి ఎన్నింటికి వస్తావు, ఎవరితో వెళ్తున్నావు, అవేవీ నువ్వు చెప్పలేదు.

ఈ పాటలంటే పడిచచ్చేవాళ్ళని గాబర్లు అంటారని చదివితే, మీ అమ్మ సినిమాలో బందిపోటు పేరనుకుని భయపడింది. స్నేహితుడు అని అర్థమట, యూదుల మాట నుంచి వచ్చిందట. మగపిల్లలు గుండు, ట్రాక్ సూట్. ఆడపిల్లలు చెవుల పక్కన మెషీన్ పెట్టించి, పైజుట్టు వెనక్కి లాగి కట్టుకునేవారట.

సరే, ఫొటో సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా. మన ఇంట్లో జుట్టు తీసేది తిరుపతిలోనే. పద్దెనిమిదేళ్ళు మీ అమ్మ తన చేత్తో వేసిన జడ అది. రెండు పూటలు అన్నం ముట్టలేదు. నాకు జుట్టు గురించి బాధ లేదు, వస్తుంది. ఆ గుండు వేషంలో అప్పట్లో జాత్యహంకారులు కూడా కొందరు దూరారని చదివి, పరాయి దేశంలో మన రంగు పిల్ల అని నాకు నిద్ర పట్టలేదు. మోకుమ్ అనే కంపెనీ వాళ్ళు రికార్డుల మీదే 'గాబర్లంతా జాతి వివక్షకి వ్యతిరేకం' అని అచ్చేశారని తెలిశాక కొంచెం కుదుటపడ్డాను. అయినా తేడాగా ఉన్న గుంపు కనిపిస్తే అక్కడ నిలబడకు.

అసలు నేను రాయాలనుకున్నది అప్పట్లో నాతో పనిచేసిన బాబ్జీ సంగతి. వినాయక నిమజ్జనం, నువ్వు ఇంకా పుట్టలేదు. ట్రాక్టర్ మీద నాలుగు బేస్ బాక్సులు కట్టాం. తాడు వదులైందని బాబ్జీ ఎడమ చెవి బాక్సుకి ఆనించి పట్టుకుని నిలబడ్డాడు, సాయంత్రం ఏడు నుంచి రేవు దాకా, తెల్లారి మూడయింది. మధ్యలో దిగరా టీ తాగుదువు గానీ అంటే, ఏం కాదన్నా, బాగుంది అన్నాడు. నిజంగానే బాగుంటుంది, గుండెలోకి దిగుతుంది, ఆ సంగతి నాకు తెలియదనుకోకు. పొద్దున్న చెవిలో కుయ్‌మంటోందన్నాడు. తగ్గుతుందిలే అన్నాను నేనే. తగ్గలేదు. ఇప్పటికీ రాత్రి ఫ్యాను మోత లేకపోతే ఆ కుయ్ వినపడి నిద్ర పట్టదంటాడు, చలికాలంలో కూడా ఫ్యాను వేసుకుని దుప్పటి కప్పుకుంటాడు. మొన్న షాపుకొస్తే ఎడమ పక్క నుంచి రెండుసార్లు పిలిచాను, తిరగలేదు.

లోపలి చెవిలో సన్నటి వెంట్రుకల్లాంటి కణాలు ఉంటాయి, పోతే మళ్ళీ రావు. మోతని డెసిబెల్స్‌లో కొలుస్తారు, 85 డెసిబెల్స్ అయితే ఎనిమిది గంటలు వినొచ్చంటారు, ప్రతి మూడు డెసిబెల్స్‌కీ టైం సగమవుతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి పావుగంట. నువ్వు రాత్రంతా ఉంటావు. దూది సరిపోదు, ఆ బేస్‌ని అది ఆపదు. సంగీతం వాళ్ళు వాడే ఇయర్‌ప్లగ్స్ కొనుక్కో, డబ్బులు వేశాను, చూసుకో. స్పీకర్ దగ్గర నిలబడకు. గంటకోసారి బయటికి రా. నీళ్ళు తాగు. ఎవరైనా ఇచ్చిన గ్లాసు తాగకు. చెప్పకూడదనుకుంటూనే చెప్పేస్తున్నాను.

ఆదివారం మాకు సాయంత్రం ఆరున్నర, నీకు రెండు. ఫోన్ చేస్తాం, వీడియో పెట్టు. మీ అమ్మ ఏమీ అనదు, మాటిచ్చింది. సున్నుండలతో పాటు ఊలు టోపీ కూడా పార్సిల్‌లో వేసింది, పక్కల జుట్టు లేదు కదా, చెవుల్లోకి చలిగాలి పోతుందని.

నాన్న