మా టిడ్లీవికీ ప్లగిన్ కొత్త వెర్షన్: మాక్రోల్లో మార్పు

ఒకే ఫైల్‌లో నడిచే నోట్సు వికీ అయిన టిడ్లీవికీలో మా స్టాక్, బిల్లుల ప్లగిన్ వాడుతున్న అందరికీ నమస్కారం. వచ్చే వెర్షన్‌లో పైకి ఏమీ మారదు. లోపల మాత్రం పెద్ద మార్పే ఉంది. కొందరి వికీల్లో దానివల్ల కొన్ని టిడ్లర్లు (వికీలోని విడివిడి నోట్లు) పనిచేయకపోవచ్చు, అందుకే ముందుగా చెబుతున్నాం.

మాక్రో అంటే పేరు పెట్టి దాచుకుని, ఆ పేరుతో పిలిచి వాడుకునే వికీ కోడ్ ముక్క. ఇప్పటిదాకా మా మాక్రోలన్నిటికీ గ్లోబల్ ట్యాగ్ ఉంది. ఆ ట్యాగ్ ఉన్నవాటిని టిడ్లీవికీ మొత్తం పేజీకి మూసైన పేజీ టెంప్లేట్‌లోనే ఇంపోర్ట్ చేసుకుంటుంది (తెచ్చుకుంటుంది) కాబట్టి, ఏ టిడ్లర్‌లోనైనా నేరుగా పిలవొచ్చు. చిక్కల్లా పేర్లతోనే. మీరు సొంతంగా 'మొత్తం' అనే మాక్రో రాసుకున్నారనుకోండి. మా ప్లగిన్‌లోనూ అదే పేరు ఉంటే, చివర ఇంపోర్ట్ అయినదే చెల్లుతుంది. ఎర్రర్ రాదు, హెచ్చరికా రాదు. బిల్లులో అంకె మాత్రం తప్పు పడుతుంది. డబ్బు లెక్కలు చూసే ప్లగిన్‌లో దీన్ని మేం ఒప్పుకోలేం.

అందుకని లోపలి లెక్కల మాక్రోలకు గ్లోబల్ ట్యాగ్ తీసేస్తున్నాం. వాటితో పనున్న మా టిడ్లర్లు మాత్రమే, తమ పైభాగాన ఉన్న ఇంపోర్ట్ లైన్‌తో వాటిని తెచ్చుకుంటాయి. ఆ లైన్ ఎక్కడ పెట్టాలన్నదే అసలు పని. ఒక్కో సరుకును చూపించే టెంప్లేట్‌లో పెడితే, 300 సరుకుల జాబితాకు 300 సార్లు ఇంపోర్ట్ జరుగుతుంది. మొత్తం జాబితాను చూపించే బయటి టిడ్లర్‌లో ఒక్కసారి పెడితే, దాని లోపల వచ్చే ప్రతి వరుసకీ ఆ మాక్రోలు అందుతాయి. మేం అలాగే చేశాం.

మీరు పిలిచే మాక్రోలు మాత్రం గ్లోబల్‌గానే ఉంటాయి. ప్రతి టిడ్లర్ పైనా ఇంపోర్ట్ లైన్ రాయమని దుకాణం నడుపుకునేవాళ్లను అడగడం న్యాయం కాదు. పేరు ముందు మా ప్లగిన్ పేరు చేరుతుంది, అంతే. పాత పేర్లన్నీ ట్యాగ్ లేని ఒక టిడ్లర్‌లో ఉంచాం. కావాలంటే దానికి గ్లోబల్ ట్యాగ్ మీరే తగిలించుకోండి, మీ పాత పేజీలు యథాతథంగా నడుస్తాయి.

2023లో టిడ్లీవికీ 5.3.0 వచ్చాక మాక్రోల బదులు ప్రొసీజర్లు అనే కొత్త పద్ధతిలో రాసే వీలుంది, అవి నిజంగా బాగున్నాయి కూడా. కానీ మీలో టిడ్లీవికీ పాత వెర్షన్ వాడేవాళ్లు ఉన్నారు కాబట్టి ఇప్పటికి మాక్రోలతోనే కొనసాగుతున్నాం.

అప్‌డేట్ చేసే ముందు మీ వికీ ఫైల్‌కి ఒక కాపీ తీసి పెట్టుకోండి. తర్వాత ఏదైనా పేజీలో లెక్క రాకపోతే ఆ టిడ్లర్ మాకు పంపండి, సరిచేసి ఇస్తాం. దీనికి డబ్బులేమీ తీసుకోం.