మన రీడింగ్ రూమ్ గాలి సంగతి, కొత్త ఫీజు సంగతి

అశోక్‌నగర్‌లో మన రీడింగ్ రూమ్‌కి వచ్చే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నమస్తే. మధ్యాహ్నం మూడయ్యేసరికి తల పట్టేస్తోంది, నిద్ర ఆగట్లేదు అని మీలో చాలామంది చెప్పారు. "మెస్‌లో ఆ పెరుగన్నం తగ్గించండి" అని నవ్వేశాను. తప్పు పెరుగన్నానిది కాదు, నాది. క్షమించండి.

బస్సుల హారన్లు వినపడకూడదని, ఏసీ చల్లదనం పోకూడదని కిటికీలన్నీ థర్మాకోల్‌తో మూయించింది నేనే. స్ప్లిట్ ఏసీ బయటి గాలి తేదు, లోపలి గాలినే చల్లబరిచి మళ్లీ మన మీదికే వదులుతుంది. ఏసీల పని చేసే మా బామ్మర్ది చెప్పేదాకా ఇది నాకు తట్టలేదు. అతని మీటర్‌లో కార్బన్ డయాక్సైడ్ డాబా మీద 430 పీపీఎం (అంటే పది లక్షల పాళ్ల గాలిలో 430 పాళ్లు) ఉంటే, మధ్యాహ్నం మన హాల్లో 2,600. యాభై ఆరు మంది వదిలిన ఊపిరినే మళ్లీ అందరూ పీలుస్తున్నారన్నమాట.

అప్పటికే రెండు ప్యూరిఫయర్లు కొని, 'స్వచ్ఛమైన గాలి' అని గేటు దగ్గర ఫ్లెక్సీ కూడా కట్టాను. వాటి పని అవి బాగానే చేస్తున్నాయి. హెపా ఫిల్టర్ సన్నటి ధూళిని పడుతుంది, ఆ ధూళి ఎంతుందో చెప్పే పీఎం 2.5 అంకె 70 నుంచి 12కి దిగింది. కార్బన్ డయాక్సైడ్ మాత్రం కదల్లేదు. అది వాయువు కదా, ఫిల్టర్‌లోంచి దర్జాగా దాటిపోతుంది. ఫ్లెక్సీ విప్పేశాను.

తర్వాత ఆత్రంగా ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాను. బయటికి తోసినంత గాలీ ఎక్కడో ఒక దారి చూసుకుని లోపలికి రావాలి. అది మెట్ల తలుపు సందుల్లోంచి, కింది మెస్ తాలింపుని వెంటబెట్టుకుని వచ్చింది. రెండు రోజులు పాలిటీ చదువుతుంటే ఆకలేస్తోందని గొడవ చేశారు, గుర్తుంది కదా!

ఇప్పుడు వెనక గల్లీ వైపు రెండు కిటికీలు తెరిపించి, ఫిల్టర్ ఉన్న ఫ్యాన్లతో గాలి లోపలికి తెస్తున్నాం. ఎదురుగా రోడ్డు వైపు ఎగ్జాస్ట్ బయటికి పంపుతోంది. ఇంకోటి, పొద్దున్నే కౌంటర్‌లో నేను వెలిగించే అగరబత్తీ పొగకి పీఎం 2.5 అంకె ఎగిరిపడింది. లక్ష్మీదేవి పటాన్ని బయట వరండాలో పెట్టాను, అమ్మవారికీ గాలి తగులుతుంది.

ఇక చేదు మాట. సీట్లు 56 నుంచి 44కి తగ్గించాను. బయటి వేడి గాలిని చల్లబరచాలి కాబట్టి కరెంటు బిల్లు పెరిగింది, చలికాలంలో ఫిల్టర్లు తొందరగా నల్లబడతాయి. అందుకే వచ్చే నెల నుంచి ఫీజు 1,200 కాదు, 1,400. కుదరనివాళ్లు ఈ నెల మిగిలిన రోజుల డబ్బు అడిగి తీసుకోండి, మొహమాటం వద్దు.

అమ్మాయిల వైపు మూల మాత్రం మధ్యాహ్నం కార్బన్ డయాక్సైడ్ ఇంకా 1,500 చూపిస్తోంది. ఆదివారం అక్కడ మూడో కిటికీ తీయిస్తున్నాం, డ్రిల్లింగ్ మోత ఉంటుంది. మీటర్ నీళ్ల ఫిల్టర్ పక్కనే తగిలించాను. 1,000 దాటితే నన్ను పిలవండి, నిద్రపోతుంటే లేపండి.